పక్కింటాయనకి మొక్క, మనకి కేసు

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలే ఇవి. చదవడానికి వీలుగా అక్కడక్కడ కొంచెం సర్దాం.)

 

పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. కాలిఫోర్నియాలోనే ఉంటాడు, హెచ్-1బి మీద. "అన్నా, ఇక్కడ ఇరవై ఒక్క ఏళ్ళు దాటినవాళ్ళు ఇంట్లో ఆరు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చట కదా. నాకు తాగే అలవాటు లేదు. మొక్కల పిచ్చి, అంతే. టమాటా పెంచినట్టు ఒకటి పెంచి చూద్దామనుకుంటున్నా. తప్పా?" అని.

తమ్ముడూ, ముందే సమాధానం చెప్పేస్తా. వద్దు. ఒక్కటి కూడా వద్దు.

"వద్దు" అని ఆపేస్తే రెండు నిమిషాల్లో ఎపిసోడ్ అయిపోతుంది. కానీ రెండేళ్ళ కిందట నాకూ ఇదే ప్రశ్న వచ్చింది. నా దగ్గరికి మొక్క చేతిలో పట్టుకుని మరీ వచ్చింది. అందుకే ఈరోజు కొంచెం వివరంగా మాట్లాడతా.

మేముండేది శాక్రమెంటో పక్కన. ఇంటి వెనక కొంచెం జాగా ఉంది. గోంగూర, బీర, ఆనప, నాలుగు వంగ మొక్కలు, మనవాళ్ళందరి పెరట్లో ఉండేవే. మా పక్కింట్లో ఒక పెద్దాయన, డెబ్బై దాటాయి. కూతురికి దగ్గరగా ఉందామని హంబోల్ట్ కౌంటీ నుంచి ఇక్కడికి వచ్చేశాడు. మొదటి ఎండాకాలం నా గోంగూర ఆకులు పసుపెక్కుతుంటే కంచె అవతల నుంచి చూసి, "నువ్వు మొక్కకి తిండి పెడుతున్నావు, మట్టికి పెట్టట్లేదు" అన్నాడు. అలా మొదలైంది మా స్నేహం.

ఆయన నలభై ఏళ్ళు పెంచింది గంజాయి.

హంబోల్ట్, మెండొసినో, ట్రినిటీ అని ఉత్తర కాలిఫోర్నియాలో మూడు కౌంటీలున్నాయి. ఎమరాల్డ్ ట్రయాంగిల్ అంటారు. 1960ల చివర్లో, 70ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నుంచి చాలామంది కుర్రాళ్ళు నగరం వదిలేసి ఆ కొండల్లోకి వెళ్ళిపోయారు. కలప కంపెనీలు చెట్లు కొట్టేసి వదిలేసిన నేల చవగ్గా దొరికేది. కూరగాయలు, మేకలు, చిన్న చెక్క ఇళ్ళు. వాటితో పాటు వాడకానికి నాలుగు గంజాయి మొక్కలు. మెల్లగా అదే బతుకుతెరువైంది. 1983లో ప్రభుత్వం క్యాంప్ అనే పేరుతో దాడులు మొదలుపెట్టింది. హెలికాప్టర్లు దిగేవి, తోటలు నరికేసేవాళ్ళు. జనం చెట్ల నీడల్లో దాచి పెంచడం నేర్చుకున్నారు. 1987లో అక్కడ కేమడ్ అని ఒక కమ్యూనిటీ రేడియో పెట్టుకున్నారు. పోలీసు బండ్లు ఏ రోడ్డులో వస్తున్నాయో రేడియోలో చెప్పేవాళ్ళట. పెద్దాయన ఇది చెప్తూ ఇప్పటికీ నవ్వుతాడు.

నన్ను ఆకట్టుకున్నది దాక్కోవడం కాదు. ఆ డబ్బుతో వాళ్ళు ఊరు కట్టుకున్నారు. బడికి, క్లినిక్‌కి, వాలంటీర్ ఫైర్ స్టేషన్‌కి అందరూ చందాలు వేసుకునేవాళ్ళు. పత్రం లేదు, రసీదు లేదు, మాట మీద నడిచేది. మన ఊళ్ళో గుడికీ చెరువుకీ చందాలు వేసుకున్నట్టే.

అందులో అంతా మంచే ఉందని ఆయనా అనడు. దొంగచాటుగా అడవుల్లో పెంచినవాళ్ళు ఎలుకల మందు విచ్చలవిడిగా పెట్టారు. అది తిన్న ఎలుకల్ని తిని ఫిషర్ అనే అడవి జంతువులు చచ్చాయి. ఎండాకాలంలో వాగులకి పైపులు వేసి లాగేశారు. సామన్ చేపలు గుడ్లు పెట్టే వాగులవి. "మమ్మల్ని తిట్టడానికి కారణాలు ఉన్నాయి" అంటాడు ఆయన.

ఇక చట్టం సంగతి. 1996లో వైద్యం కోసం అనుమతించారు. 2016 నవంబర్‌లో ప్రొపొజిషన్ 64 పాసైంది, 2018 జనవరి 1 నుంచి షాపుల్లో అమ్మకాలు. హంబోల్ట్ వాళ్ళు పండగ చేసుకున్నారనుకుంటాం. కానీ ఆ చట్టం వాళ్ళలో చాలామందిని ముంచింది. పెద్ద తోటలకి 2023 దాకా లైసెన్సులు ఇవ్వమని, చిన్న రైతు నిలదొక్కుకోవడానికి టైమ్ ఇస్తామని చెప్పారు. తీరా 2017 నవంబర్‌లో వచ్చిన రూల్స్‌లో ఎకరం పరిమితి ఎత్తేశారు. చిన్న లైసెన్సులు ఎన్నైనా పోగేసుకోవచ్చన్నారు. దక్షిణాన పాత పూల గ్రీన్‌హౌస్‌లు కొన్న కంపెనీలు ఎకరాలకి ఎకరాలు వేశాయి. 2021 తర్వాత ధర కుప్పకూలింది. పర్మిట్లు, పన్నులు, ఇంజనీర్ రిపోర్టులు కట్టుకుంటూ వచ్చిన చిన్న రైతు ఖర్చు కూడా రాక తోట వదిలేశాడు. మా పెద్దాయనా అలా వదిలేసినవాడే. "హెలికాప్టర్లు ముప్పై ఏళ్ళలో చేయలేని పని లైసెన్సు ఐదేళ్ళలో చేసింది" అన్నాడొకసారి. పత్తి రైతో, టమాటా రైతో మాట్లాడినట్టే అనిపించింది నాకు.

ఇప్పుడు పెంపకం గురించి. ఎందుకంటే మన తమ్ముడికున్నది మొక్కల పిచ్చి.

డిస్పెన్సరీల్లో అద్దాల వెనక మెరుస్తూ కనిపించే సరుకులో చాలా భాగం గోడౌన్లలో, కరెంటు లైట్ల కింద పెరిగింది. సూర్యుడి పని బల్బు చేయాలి, గాలి పని ఫ్యాన్ చేయాలి, బల్బుల వేడి తీయడానికి మళ్ళీ ఏసీ. 2012లో ఇవాన్ మిల్స్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టి, అమెరికా మొత్తం కరెంటులో సుమారు ఒక శాతం ఈ ఇండోర్ గంజాయికే పోతోందన్నాడు. 2021లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకో లెక్క వేశారు. ఒక కిలో ఎండు పువ్వు ఇండోర్‌లో తయారవ్వాలంటే, ప్రాంతాన్ని బట్టి 2,283 నుంచి 5,184 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన కాలుష్యం అవుతుందట. కిలో సరుకుకి టన్నుల పొగ అన్నమాట. ఎండ ఉచితంగా కాసే రాష్ట్రంలో!

పాత హంబోల్ట్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. నేలలో మొక్క, పైన ఎండ, ఏడాదికి ఒక్క పంట. వానాకాలం నీళ్ళు చెరువుల్లో, ట్యాంకుల్లో నిలవ పెట్టుకోవాలి. కాలిఫోర్నియాలో ఇప్పుడు గంజాయి రైతులు ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా వాగుల నీళ్ళు తోడకూడదనే నిబంధన కూడా ఉంది. ఒకసారి తయారు చేసుకున్న మట్టిని పారేయరు. ఏడాదికేడాది దాన్నే బాగుచేసుకుంటారు. పంట తీశాక చిక్కుడు జాతి మొక్కలు చల్లి, అవి ఎదిగాక అక్కడే కోసి పరుస్తారు. ఇలా పండించినవాళ్ళ కోసం 2019 నుంచి సన్ ప్లస్ ఎర్త్ అని ఒక సర్టిఫికెట్ కూడా ఉంది. రసాయనాలు వాడకూడదు, నేలలోనే పండించాలి, పనివాళ్ళని సరిగ్గా చూడాలి.

ఒకరోజు పెద్దాయన బకెట్‌లో ఏదో పులియబెడుతున్నాడు. లేత చిగుళ్ళు, బెల్లం లాంటి ముడి చక్కెర. కొరియన్ నేచురల్ ఫార్మింగ్ అన్నాడు, హంబోల్ట్ గంజాయి రైతుల్లో చాలామంది వాడతారట. నాకు నవ్వొచ్చింది. "మా దగ్గరా ఇలాంటిదే ఉంది, జీవామృతం అంటాం" అన్నాను. 200 లీటర్ల నీళ్ళు, పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీద గుప్పెడు మట్టి, రెండు రోజులు కలుపుతూ పులియబెట్టడం. ఒక ఎకరానికి. ఆంధ్రాలో 2016 నుంచి ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయం పేరుతో లక్షల మంది రైతులతో చేయిస్తోందని చెప్పాను. ఆయన కాగితం తెచ్చుకుని రాసుకున్నాడు. నలభై ఏళ్ళ అనుభవమున్న మనిషి నా దగ్గర, మా తాత పద్ధతి రాసుకున్నాడండీ.

ఆ తర్వాతి వసంతంలో ఒక చిన్న కుండీ పట్టుకుని వచ్చాడు. జానెడు మొక్క. తల్లి మొక్క నుంచి కొమ్మ కోసి వేళ్ళు పోయించింది. "ఇది నా పాత తోటది. నీ మట్టి ఇప్పుడు బాగుంది. ఒకటి పెట్టుకో" అన్నాడు.

చూడండి, అది అమ్మకం కాదు, మత్తు కాదు. ఒక రైతు ఇంకో రైతుకి విత్తనం ఇవ్వడం. మన దగ్గర పక్కింటి పిన్నిగారు గుమ్మడి విత్తనాలు ఇస్తే వద్దంటామా?

నేను చేతులు చాపలేదు. వీసా అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. "ఇక్కడ లీగలే కదా?" అన్నాడు. "మీకు లీగల్. నాకు కాదు" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. నాకూ మనసు బాగోలేదు. కానీ ఆ మాట నిజం. ఎందుకో చెప్తా. నేను లాయర్ని కాదు, ఇది అందరికీ తెలిసి ఉండాల్సినంత మట్టుకే.

అమెరికాలో ఇరవై నాలుగు రాష్ట్రాలు పెద్దవాళ్ళ వాడకానికి గంజాయిని అనుమతించాయి. కానీ 1970 నాటి ఫెడరల్ చట్టం కింద అది ఇంకా నియంత్రిత పదార్థమే. మన వీసా, గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ మూడూ ఫెడరల్ చేతిలో ఉన్నాయి. రాష్ట్ర చట్టం పక్కింటాయనకి గొడుగు. మనం ఆ గొడుగు బయట నిలబడ్డాం.

ఒకటి. కేసు అవ్వక్కర్లేదు, శిక్ష పడక్కర్లేదు. వీసా ఇంటర్వ్యూలోనో, ఎయిర్‌పోర్టులోనో, గ్రీన్ కార్డ్ మెడికల్‌లోనో అడిగినప్పుడు "అవును, వాడాను", "అవును, పెంచాను" అని ఒప్పుకున్నా చాలు, దేశంలోకి రానివ్వకపోవడానికి అది కారణం కావచ్చు. పెంచడం అంటే చట్టం కళ్ళకి తయారీ. వాడకం కన్నా పెద్ద మాట అది.

రెండు. కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయవచ్చు. 30 గ్రాముల లోపు, సొంతానికి, ఒకే ఒక్కసారి అనే చిన్న మినహాయింపు ఉంది. పెంపకానికి ఆ మినహాయింపు లేదు.

మూడు. గ్రీన్ కార్డ్ ఉంది కదా అని ధీమా వద్దు. 2019 ఏప్రిల్ 19న యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా చెప్పింది, రాష్ట్రంలో లీగల్ అయినా సరే, గంజాయికి సంబంధించిన పనులు సిటిజన్‌షిప్‌కి కావాల్సిన సత్ప్రవర్తనకి అడ్డం అని. ఉద్యోగం కూడా అందులోకే వస్తుంది. ఆ ఏడాదే డెన్వర్‌లో, లైసెన్సున్న గంజాయి సంస్థల్లో పనిచేసిన ఇద్దరు గ్రీన్ కార్డ్ హోల్డర్ల కథ బయటికొచ్చింది. పన్నులు కట్టారు, రాష్ట్రం రూల్స్ అన్నీ పాటించారు. ఆ ఉద్యోగమే సిటిజన్‌షిప్‌కి అడ్డమైంది.

నాలుగు. "షెడ్యూల్ మారుస్తున్నారట కదా" అని కొందరు అంటున్నారు. 2024 మేలో న్యాయశాఖ షెడ్యూల్ ఒకటి నుంచి మూడుకి మార్చాలని ప్రతిపాదించింది. మూడులో ఉన్నా అది నియంత్రిత పదార్థమే. మన ఇమ్మిగ్రేషన్ చట్టం అడిగేది ఆ జాబితాలో ఉందా లేదా అనే.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో 2025 జూలై 10న చూశాం. దక్షిణ కాలిఫోర్నియాలో, కమరియో, కార్పింటేరియా ఊళ్ళ దగ్గర, రాష్ట్ర లైసెన్సున్న గంజాయి గ్రీన్‌హౌస్‌ల మీద ఫెడరల్ ఏజెంట్లు దాడి చేసి మూడు వందల మందికి పైగా పట్టుకున్నారు. ఆ గందరగోళంలో ఒక కూలీ గ్రీన్‌హౌస్ కప్పు మీద నుంచి పడి చనిపోయాడు. మెక్సికో నుంచి వచ్చి, ఇంటికి డబ్బు పంపుకుంటున్న మనిషి. మొక్క లీగల్, తోట లీగల్, కంపెనీ లీగల్. పనిచేసే మనిషి మాత్రం కాదు.

మొక్క అమెరికాదైనా, మా ఇంటి వైపు కథ చెప్పకుండా ఈ ఎపిసోడ్ ముగించలేను. మాది నర్సీపట్నం దగ్గర. పైన చింతపల్లి, జి.కె.వీధి, అటు పెదబయలు, ముంచంగిపుట్టు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. శీలావతి అనే గంజాయి రకం పేరు అక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన మొదలుపెట్టి దాదాపు 7,500 ఎకరాల్లో తోటలు నరికేశామని పోలీసులు చెప్పారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల సరుకు కుప్పలు పోసి తగలబెట్టారు.

పెంచేది కొండ మీద ఆదివాసీ రైతు. పెట్టుబడి పెట్టేది బయట నుంచి వచ్చిన వ్యాపారి. లాభం అతనిదే. సరుకు కొండ దింపేది డబ్బు అవసరమున్న కుర్రాడు. అలాంటి కుర్రాడే మా క్లాస్‌మేట్ ఒకడు. బస్సులో రెండు బ్యాగులతో దొరికాడు. ఇరవై కిలోలు దాటితే మన ఎన్‌డీపీఎస్ చట్టం కింద పదేళ్ళకి తగ్గని శిక్ష. నేను ఊరెళ్ళినప్పుడు వాళ్ళమ్మ అడిగింది, "బాబూ, అమెరికాలో అది షాపుల్లో అమ్ముతారటగా? మరి మావాడేం చేశాడు?" అని. ఏం చెప్పాలండీ? బ్యాగులు మోయడం తప్పు కాదని అనలేను. ఆమె అడిగింది తప్పుడు ప్రశ్న అనీ అనలేను.

తులసి వనంలో గంజాయి మొక్క అని మనకో సామెత. మొక్కనే తప్పుపట్టే సామెత. హంబోల్ట్ చూశాక, ఊరు చూశాక నాకు అనిపించేది ఏంటంటే, మొక్క ఎక్కడైనా మొక్కే. ఎవరి చేతిలో ఉందో చూసి చట్టం మారుతుంది. కంపెనీ చేతిలో ఉంటే వ్యాపారం, చిన్న రైతు చేతిలో అప్పు, ఆదివాసీ చేతిలో కేసు, వలస వచ్చినవాడి చేతిలో ఇంటికి తిరుగు టికెట్. ఇది న్యాయమా అంటే కాదు. కానీ న్యాయం కాదని తెలిసినంత మాత్రాన మన పాస్‌పోర్టు మీద ముద్ర మారదు.

అందుకని పనికొచ్చే మాటలు కొన్ని. పెంచొద్దు, కొనొద్దు, బహుమతిగా ఇచ్చినా తీసుకోవద్దు. మెడికల్ కార్డు తీసుకోవాలనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. డిస్పెన్సరీలో, తోటలో పార్ట్‌టైమ్ పని వద్దు. ఐటీలో ఉండి క్లయింట్ గంజాయి కంపెనీ అని తెలిస్తే సంతకానికి ముందే లాయర్ని అడగండి. ఫ్రెండ్స్‌తో షాపు ముందు ఫోటోలు, చాట్‌లు ఫోన్‌లో పెట్టుకోవద్దు. ఎయిర్‌పోర్టులో ఫోన్ తీసి చూసే అధికారం వాళ్ళకుంది. ఇండియాకి గమ్మీలు సరదాకి కూడా తీసుకెళ్ళొద్దు. ఇప్పటికే ఏదైనా జరిగి ఉంటే, అబద్ధం చెప్పొద్దు, ఎందుకంటే అబద్ధం ఇంకో పెద్ద కేసు. ప్రయాణానికి, ఇంటర్వ్యూకి ముందే లాయర్‌కి నిజం చెప్పండి. గల్ఫ్‌లో వింటున్న అన్నలకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరి నుంచి వచ్చేటప్పుడు తెలిసినవాళ్ళు ఇచ్చిన పచ్చడి డబ్బా అయినా విప్పి చూసుకోకుండా బ్యాగులో పెట్టొద్దు.

ఇక మొక్కల పిచ్చి ఉన్న తమ్ముడికి. పెద్దాయన ఆ కుండీ వెనక్కి తీసుకెళ్ళాడు. వారం రోజులు కంచె దగ్గరికి రాలేదు. నేనే ఒక కట్ట గోంగూర, సీసాలో పులియబెట్టిన నీళ్ళు పట్టుకుని వెళ్ళాను. ఆవు పేడ దొరక్క, కంపోస్టుతో మన జీవామృతం లాంటిది చేశా. మూత తీసి వాసన చూశాడు. "ఇది లీగలేనా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు నా పెరట్లో చిక్కుడు కోసి అక్కడే పరుస్తున్నా. వాన నీళ్ళకి రెండు డ్రమ్ములు పెట్టా. మట్టి తవ్వితే వానపాములు కనిపిస్తున్నాయి. హంబోల్ట్ కొండల్లో నలభై ఏళ్ళు దాక్కుని నేర్చుకున్న విద్యంతా నాకు కంచె మీద నుంచి అందింది. ఆ మొక్క ఒక్కటే అందుకోలేదు. నువ్వు కూడా తమ్ముడూ, నేర్చుకోగలిగింది నేర్చుకో, మొక్క మాత్రం వదిలెయ్. గోంగూర విత్తనాలు కావాలంటే మెసేజ్ పెట్టు, పంపిస్తా.

ఊళ్ళో వాళ్ళమ్మ ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది. కొండ మీద ఇప్పుడు కాఫీ, మిరియాలు, పసుపు వేయిస్తున్నారని చెప్పింది. కాఫీ మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఆ ఇళ్ళు ఎలా గడుస్తాయనేది అసలు ప్రశ్న. మీలో ఏజెన్సీ వైపు వాళ్ళుంటే, ఇంటి దగ్గర ఎలా ఉందో నాకు చెప్పండి. మళ్ళీ ఎపిసోడ్‌లో మీ మాటలే చదువుతా.

అందరూ జాగ్రత్త. వేళకి తినండి, ఇంటికి ఫోన్ చేయండి. ఉంటానండీ.